స్పీడ్ బ్రేకర్‌కి రెండు రూపాయలు

మైలేజీ గురించి ఎవరిని కదిపినా ముందు కంపెనీని తిడతారు, తర్వాత బంకుని తిడతారు. ఫలానా బంకులో కొట్టిస్తే లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తుందంటారు, ఫలానా మోడల్ నీళ్లు తాగినట్టు తాగేస్తుందంటారు. తొక్కే కాలి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఒకే కారు, ఒకే బంకు, ఒకే రోడ్డు అయినా సరే, ఇద్దరు నడిపితే పెట్రోలు ఖర్చులో ఐదో వంతు తేడా రావడం పెద్ద వింతేం కాదు. ఆ తేడా ఎక్స్‌లేటర్ దగ్గర కంటే బ్రేకు దగ్గరే ఎక్కువ వస్తుంది.

లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. స్పీడ్ బ్రేకర్ కనపడగానే బ్రేకు కొట్టి 10కి దించాం. ఆ వేగంలో ఉన్న శక్తి సుమారు 160 కిలోజౌళ్లు. అదంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోయింది. మళ్లీ 60కి చేరాలంటే అంత శక్తినీ ఇంజను కొత్తగా పుట్టించాలి. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రం దాకా చేరేది పావు వంతే కాబట్టి దానికి 20 మిల్లీలీటర్లకు పైనే ఖర్చవుతుంది. లీటరు 110 రూపాయలు అనుకుంటే రెండు రూపాయల పైమాట. బైకుకి ఇదే లెక్క వేస్తే పావలా దగ్గర తేలుతుంది. 25 టన్నుల ధాన్యం లోడు లారీ 50 నుంచి 10కి దిగి మళ్లీ ఎత్తుకోవాలంటే డీజిలు ఖర్చు 17, 18 రూపాయలు. అమలాపురం నుంచి రావులపాలెం దాకా ఊరూరా ఉన్న బ్రేకర్లు, సెంటర్లు, అడ్డొచ్చే గేదెలు లెక్కేసుకుంటే నెలకి ఎంతవుతుందో ఎవరి గుణకారం వాళ్లే వేసుకోవచ్చు.

బ్రేకు వేయొద్దని కాదు. ప్రాణం మీదికొస్తే పూర్తిగా తొక్కాల్సిందే, అక్కడ పెట్రోలు లెక్క చూసేవాడు మూర్ఖుడు. బ్రేకు అవసరం పడే సందర్భాలను తగ్గించుకోమని చెప్పడమే ఇదంతా. అలా తగ్గించుకునే వాడికి ప్రమాదాలూ తగ్గుతాయి. రెండింటికీ కావాల్సింది ఒకటే: దూరం చూడడం.

పావు కిలోమీటరు ముందే కాలు తీయడం

దూరం చూడడానికి మన గోదావరి డెల్టా అంత అనువైన నేల ఇంకోటి లేదు, అంత మోసం చేసే నేలా లేదు. తాడేపల్లిగూడెం, భీమవరం వైపు చేల మధ్య రోడ్డయితే అర కిలోమీటరు అవతల ట్రాక్టరు మలుపు తిరగడం కూడా కనపడుతుంది. అదే కోనసీమలోకి దిగితే రెండు పక్కలా కొబ్బరి తోటలు, ఇంటి ముందు నుంచి నేరుగా రోడ్డెక్కే సందులు, యాభై మీటర్ల అవతల ఏముందో తెలియదు. కాలువ గట్టు రోడ్డయితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లం, మధ్యలో ఎదురొచ్చే ఆటో. ఒకే వేగంతో ఈ మూడు రోడ్లనూ నడపాలని చూసేవాడు చీటికీ మాటికీ బ్రేకు మీదే ఉంటాడు.

చేల రోడ్డు మీద ముందు సెంటరో, బ్రేకరో కనపడగానే ఎక్స్‌లేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. గేరు అలాగే ఉంచండి. బల్లపరుపు రోడ్డు మీద 60లో ఉన్న చిన్న కారు గేరులోనే జారుకుంటూ పావు కిలోమీటరు తిరిగేసరికి 30కి వస్తుంది. అక్కడ బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు. ఈ పావు కిలోమీటరులో చాలా భాగం ఇంజను ఒక్క చుక్క కూడా తాగదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఏ బండయినా గేరులో ఉండి ఎక్స్‌లేటర్ వదిలేస్తే కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతుంటాయి. ఇంజను చుట్లు నిమిషానికి 1,200, 1,500 దగ్గరికి పడిపోయాకే మళ్లీ పెట్రోలు వదులుతుంది.

దీన్ని తెలియక చాలామంది న్యూట్రల్ చేస్తారు. కార్బ్యురేటర్ రోజుల్లో పాత డ్రైవర్లు నేర్పిన అలవాటది. ఇప్పటి బండిలో న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఐడిలింగ్ పెట్రోలు తాగుతూనే ఉంటుంది, అంటే ఆదా చేద్దామని అదనంగా ఖర్చు పెడుతున్నారన్నమాట. పైగా ఇంజను పట్టు పోతుంది, మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. ఎదుర్లంక వంతెన దిగేటప్పుడో, చించినాడ వంతెన దిగేటప్పుడో ఏకంగా తాళమే తిప్పేసేవాళ్లున్నారు. ఇంజను ఆగితే, తొక్కుడికి సాయం చేసే బ్రేకు బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, తర్వాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ పోతుంది. తాళం ఇంకొంచెం వెనక్కి తిరిగితే స్టీరింగే లాక్ పడొచ్చు. అర్ధరూపాయి కోసం గోదాట్లోకి దిగడమే అది.

వంతెన ఎక్కేటప్పుడు కూడా ఒక పద్ధతుంది. ఎక్కుడు మొదలవగానే అదే వేగం నిలబెట్టాలని ఎక్స్‌లేటర్ నొక్కుతూ పోకండి. ఎంత నొక్కి ఉందో అంతే ఉంచి, వేగం ఓ ఐదారు కిలోమీటర్లు తగ్గితే తగ్గనివ్వండి. నడినెత్తికి వచ్చాక కాలు తీస్తే దిగుడే ఆ వేగాన్ని తిరిగిచ్చేస్తుంది. బైకు మీద ఉన్నవాళ్లు వంతెన మధ్యలో అడ్డగాలి సంగతి కూడా చూసుకోవాలి. గోదావరి మీద సాయంత్రం వేళ గాలి బండిని పక్కకి నెడుతుంది, 70లో ఉన్నవాడికి సర్దుకునే చోటుండదు. పంట కాలువల మీది ఎత్తు వంతెనలైతే ఇంకో రకం: ఎక్కేదాకా అవతలి వైపు కనపడదు. అక్కడ హారన్ కొట్టి, మూడో గేరులోకి దిగి, మన ఎడమ పక్కన ఉండి ఎక్కడమే. పెట్రోలు లెక్క అవతల దిగాక చూసుకోవచ్చు.

ముందు బండికి దూరం కూడా ఇందులో భాగమే. ముందున్న బండి ఒక కరెంటు స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టండి, మీరు అదే స్తంభం దగ్గరికి రావడానికి కనీసం మూడు సెకన్లు పట్టాలి. 60లో మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఈ ఖాళీ ఉంటే ముందువాడు బ్రేకు వేసిన ప్రతిసారీ మీరూ వేయక్కర్లేదు, కాలు తీస్తే చాలు. షేర్ ఆటో వెనక వెళ్లేటప్పుడు ఇది మరీ అవసరం. ఎవరు చెయ్యెత్తినా అక్కడికక్కడ ఆగిపోయే బండి అది.

హైవే మీద ఆ పావుగంట ఖరీదు

రాజమండ్రి నుంచి ఏలూరు 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్లు. 80లో వెళ్తే గంటంపావు, 100లో వెళ్తే గంట. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 100కి వెళ్లేసరికి అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 80లో లీటరుకి 20 ఇచ్చే చిన్న కారు 100లో 16, 17 దగ్గర ఆగుతుంది. అంటే ఏలూరు చేరేసరికి ఒక లీటరు అదనం. పావుగంటకి 110 రూపాయలు. అదీ రోడ్డు ఖాళీగా ఉంటేనే. రావులపాలెం, తణుకు దగ్గర రద్దీ, టోల్‌గేట్లు కలిపితే నిజంగా మిగిలేది ఏడెనిమిది నిమిషాలే.

ఆగడానికి పట్టే దూరం కూడా చూడండి. పొడి రోడ్డు మీద, మనిషి తేరుకునే ఒకటిన్నర సెకను కలుపుకుంటే, 80లో ఉన్న కారు ఆగడానికి 70 మీటర్లు కావాలి. 100లో అయితే దాదాపు వంద. మధ్య డివైడర్ గ్యాపులోంచి మోటార్ సైకిలు దూరినప్పుడు ఈ ముప్పై మీటర్లే తేల్చేస్తాయి. చట్టప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కారుకి 100, బైకుకి 80 గరిష్ఠం. మామూలు రోడ్ల మీద కారుకి 70, బైకుకి 60. స్థానికంగా బోర్డు అంతకంటే తక్కువ ఉంటే ఆ బోర్డే లెక్క. 216వ నంబరు రోడ్డు మీద యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వెళ్లేవాళ్లు హైవే అన్న మాట పట్టుకుని 100లో పోతుంటారు. పేరుకే హైవే, చాలాచోట్ల అది ఊళ్ల మధ్య వీధే.

పెట్రోలియం శాఖ కింద 1978 నుంచి ఉన్న ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ ఎప్పటి నుంచో చెబుతున్న వేగం 45 నుంచి 55. నేటి కార్లకి అది కాస్త పాత లెక్క, టాప్ గేరులో 55 నుంచి 75 మధ్య హాయిగా నడుస్తాయి. బైకుకి మాత్రం ఆ 45-55 ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు సరైందే. బైకు మీద కూర్చున్న మనిషి గాలికి గోడలా అడ్డు నిలబడతాడు కాబట్టి వేగం పెరిగిన కొద్దీ కారు కంటే బైకే ఎక్కువ నష్టపోతుంది. 50లో లీటరుకి 60 ఇచ్చే 100 సీసీ బండి 75లో 45 ఇస్తే సంతోషించాలి.

గేర్ల విషయంలో మనకున్న సుఖం, ఘాట్ రోడ్లు లేకపోవడం. పెట్రోలు కారైతే 2,000, 2,500 చుట్ల మధ్య, డీజిలైతే 1,500, 2,000 మధ్య పై గేరులోకి మార్చేయొచ్చు. సుమారుగా 20 దగ్గర రెండు, 30-35 దగ్గర మూడు, 45 దగ్గర నాలుగు, 55-60 దగ్గర ఐదు. ఎక్స్‌లేటర్ నొక్కినప్పుడు బండి వణికినా, ఇంజనులో టకటకమని చప్పుడు వచ్చినా కింది గేరు అడుగుతోందని అర్థం. ఐదులో 35తో లాగించడం ఆదా కాదు. ఇక క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటున్న వాళ్లకి పెట్రోలు కంటే క్లచ్ ప్లేటు ఖర్చే ముందొస్తుంది.

గేటు పడినప్పుడు

రైలు గేటు దగ్గర ఇంజను ఆపరు. రైలు ఇప్పుడే వచ్చేస్తుందనే నమ్మకం. గూడ్సు వెళ్లాక ప్యాసింజరు కూడా ఉందని గేటుమ్యాన్ లేపడు, పది నిమిషాలు గడిచిపోతాయి. చిన్న పెట్రోలు కారు నిలబడి ఉన్నప్పుడు గంటకి 0.6 నుంచి 0.8 లీటరు తాగుతుంది, ఏసీ ఉంటే లీటరు దాకా వెళ్లొచ్చు. పది నిమిషాలకి పది పదిహేను రూపాయలు. అర నిమిషం దాటి ఆగాల్సి వస్తే ఆపేయడమే మేలు. స్టార్ట్ చేయడానికి ఎక్కువ పెట్రోలు పడుతుందనే మాట ఇంజెక్షన్ బండ్లకి వర్తించదు. బ్యాటరీ వీక్‌గా ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి. హైవే మీద గట్టిగా లాగిన టర్బో డీజిలుని ఆపేముందు అర నిమిషం ఐడిలింగ్‌లో ఉంచడం దాని ఆరోగ్యానికి మంచిది.

సఖినేటిపల్లి దగ్గర బండ్లని గోదావరి దాటించే పంటు కోసం వరుసలో ఉన్నప్పుడూ ఇంతే. చించినాడ మీదుగా చుట్టూ తిరిగే బదులు పంటు మీద నరసాపురం రేవు దాటితే పెట్రోలు, టైరు రెండూ మిగులుతాయి గానీ, వరుసలో ఏసీ వేసుకుని అరగంట కూర్చుంటే ఆ మిగులులో కొంత అక్కడే కరిగిపోతుంది. గోదావరి పొంగితే పంటు ఆపేస్తారు, బయల్దేరేముందు కనుక్కుని వెళ్లండి. రేవు దాకా వెళ్లి వెనక్కి తిరగడం అన్నిటికంటే దండగ ప్రయాణం.

ఏసీ గురించి అనవసరంగా భయపడతారు. 40 లోపు వేగంలో అద్దాలు దించుకోవచ్చు, 60 దాటాక అద్దాలు దించితే గాలి అడ్డు పెరిగి ఏసీ ఖర్చుకి దగ్గరవుతుంది. ఎండలో నిలిపిన కారైతే ముందు అద్దాలు దించి ఒక నిమిషం నడిపి వేడి బయటికి పోయాక ఏసీ వేయండి, తర్వాత లోపలి గాలే తిరిగే మీట నొక్కండి. మన తేమలో బయటి గాలిని చల్లబరచడం కంప్రెసర్‌కి గాడిద చాకిరీ. వానలో అద్దం మసకబారితే మాత్రం ఏసీ వేసి, బయటి గాలి మీట పెట్టి, గాలిని అద్దం మీదికి మళ్లించాల్సిందే. అక్కడ పొదుపు పనికిరాదు.

గాలి, ఉప్పు, బురద

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలుసు, చూసేవాళ్లు తక్కువ. డ్రైవరు తలుపు తీస్తే అది ఆనే చట్రం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో అంకె ఎంతుంటే అంత. చాలా చిన్న కార్లకి 30, 33 పీఎస్‌ఐ మధ్య. టైరు మీద అచ్చేసి ఉండే అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకూడదు. పొద్దున బండి తీయకముందు, లేదా ఒకటి రెండు కిలోమీటర్ల లోపు తిరిగినప్పుడు చూడాలి. ఎండలో నడిచొచ్చిన టైరులో వేడికి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి టైరు తక్కువలో ఉంటుంది. నాలుగు టైర్లలోనూ ఐదారు పీఎస్‌ఐ తక్కువుంటే మైలేజీలో ఒకటి రెండు శాతం పోతుంది, టైరు అంచులు రెండూ ముందే అరిగిపోతాయి, వాన నీటి మీద పట్టు తగ్గుతుంది. పంచర్ షాపులో మీటరు ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికి తెలుసు. సొంతంగా ఒక గేజీ కొనుక్కుని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి, పదిహేను రోజులకొకసారి చాలు. బంకుల్లో గాలి ఉచితంగా కొట్టాలి. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టేకంటే మామూలు గాలే సమయానికి కొట్టించడం మేలు.

బైకుల్లో వెనక టైరు దగ్గరే అసలు పొరపాటు. 100, 125 సీసీ బండ్లకి సాధారణంగా ముందు 25, వెనక 28, 29 ఉంటుంది. వెనక మనిషి ఎక్కితే బండిని బట్టి 36 నుంచి 41 దాకా చెబుతారు. మనిషి, పిల్లాడు, ముందు గ్యాస్ సిలిండరు, పక్కన కొబ్బరికాయల బస్తా వేసుకుని 25తో నడిపేవాళ్లకి టైరు రోడ్డుని అంటుకుపోయినట్టు లాగుతుంది.

ఇప్పుడు మన తీరానికి ప్రత్యేకమైన జబ్బు ఒకటి చెప్పాలి, దీన్ని మైలేజీతో ముడిపెట్టి ఎవరూ చూడరు. బ్రేకు పట్టేయడం. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకీ, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకీ ఉప్పు గాలి, ఉప్పు బురద తప్పవు. డిస్క్ బ్రేకులో ప్యాడ్లని అదిమే కాలిపర్ అనే భాగం జారే పిన్నులు రెండు తుప్పు పడతాయి. బ్రేకు వదిలినా ప్యాడు డిస్కుని రాస్తూనే ఉంటుంది. డ్రమ్ము బ్రేకులోకి ఒండ్రు చేరి ఎండితే లైనింగు లోపలే గీసుకుంటుంది. బండి నడుస్తుంది, బాగానే ఉన్నట్టుంటుంది, లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు మాత్రం కనిపించకుండా పోతాయి.

చూసుకునే పద్ధతి సులువు. కారుని ఐదారు కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి ఆపండి. వెంటనే దిగి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా అరచేతి వెనక భాగాన్ని చేర్చి చూడండి, తాకొద్దు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడుతుంటే అదే పట్టేసింది. బైకునైతే సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఒకటి రెండు చుట్లయినా తనంతట తిరగాలి, సగం చుట్టుకే ఆగి చర్రుమంటే బ్రేకో, గొలుసో బిగిసింది. కాలిపర్ పిన్నులు ఊడదీసి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు రాయించాలి. షెడ్డులో చేతికందిన పచ్చ గ్రీజు పూస్తే పిన్ను చుట్టూ ఉన్న రబ్బరు బూటు ఉబ్బి మళ్లీ అదే కథ. సముద్రం వైపు వెళ్లొచ్చాక మంచినీళ్లతో చక్రాలనీ, అడుగు భాగాన్నీ కడిగేస్తే సగం జబ్బు రాదు.

గొలుసు విషయం చిన్నదే. కింది గొలుసు మధ్యలో వేలితో ఎత్తి చూస్తే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగాలి. 500 కిలోమీటర్లకొకసారి, వానాకాలమైతే ఇంకా ముందే, తుడిచి 90 నంబరు గేర్ ఆయిలు గానీ, చైన్ స్ప్రే గానీ వేయాలి. పాత ఇంజనాయిలు పోస్తే దుమ్ము అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. ఇంజనాయిలు కూడా కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడే వేయించండి. చిక్కగా ఉంటే మంచిదని 20డబ్ల్యూ-50 పోయించేవాళ్లున్నారు, 10డబ్ల్యూ-30 ఇంజనుకి అది అదనపు భారమే. కారు ఆయిలు బైకుకి పోస్తే క్లచ్ జారుతుంది, బైకుకి జాసో ఎంఏ అనే గుర్తు డబ్బా మీద ఉండాలి.

ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే మైలేజీ సగం పోతుందని భయపెడతారు. ఇంజెక్షన్ పెట్రోలు కారులో పోయేది ప్రధానంగా లాగుడు, మైలేజీ పెద్దగా కాదు. పాత కార్బ్యురేటర్ బండ్లకి, డీజిలు ట్రాక్టర్లకి మాత్రం నిజంగానే దెబ్బ. కోతల కాలంలో మిషను వెనక లేచే పొట్టు, దుమ్ము మధ్య తిరిగే ట్రాక్టరుకి ఫిల్టరు రోజూ చూడాల్సిందే.

యానాం లెక్క, బంకు అపోహలు

యానాంలో పెట్రోలు చౌక. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి తేడా ఉంది, అది ఎప్పటికప్పుడు మారుతుంటుంది. లీటరుకి పది రూపాయలు తేడా ఉందనుకుందాం. 30 లీటర్లు కొట్టిస్తే 300 మిగులు. దానికోసం రానుపోను 60 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 18 ఇచ్చే కారుకి మూడు లీటర్ల పైన ఖర్చు, 330 రూపాయలు. చౌక పెట్రోలు కొని చేతి నుంచి ముప్పై పెట్టుకున్నట్టు. వేరే పని మీద అటు వెళ్లినవాళ్లు, దారిలో పడేవాళ్లు నిండా కొట్టించుకోవడం తెలివైన పని. ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి డిక్కీలో తెచ్చుకోవడం మాత్రం నేరం, ప్రాణాంతకం. మే నెల ఎండలో మూసిన డిక్కీలో పెట్రోలు ఆవిరికి ఒక్క రవ్వ చాలు.

తెల్లవారుజామున కొట్టిస్తే చిక్కటి పెట్రోలు వస్తుందనేది ఇంకో నమ్మకం. పెట్రోలు ఉండేది భూమి లోపలి ట్యాంకులో, పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడిలో పెద్ద తేడా ఉండదు. వందకి బదులు 110 కొట్టిస్తే మోసం తగ్గుతుందనేదీ అంతే. అనుమానముంటే ఐదు లీటర్ల కొలపాత్రలో పట్టి చూపించమని అడిగే హక్కు మనకుంది. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడాని అనుమతిస్తారు, అది దాటితే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు.

ఈ మధ్య మైలేజీ పడిపోయిందనేవాళ్ల మాటలో కొంత నిజముంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండొంతులే కాబట్టి, మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. దానికి తగ్గట్టు తయారైన కొత్త బండ్లలో ఆ నష్టం తక్కువ, పాతవాటిలో ఎక్కువ. మన నూకలు, మొక్కజొన్న కూడా ఆ ఇథనాల్‌లోకే వెళ్తున్నాయి, కాబట్టి రైతుగా ఒక లెక్క, డ్రైవరుగా ఇంకో లెక్క. ఇథనాల్‌కి తేమ పీల్చే గుణం ఉంది. నెలల తరబడి కదలని బైకు ట్యాంకులో సగం పెట్రోలు ఉంచితే మిగతా సగం తేమ గాలి. నీళ్లు చేరితే ఇథనాల్‌తో కలిసి అడుగున విడిపోతాయి, స్టార్ట్ చేసినప్పుడు ఇంజనుకి ముందు అందేది ఆ నీళ్లే. ఎక్కువ రోజులు నిలిపే బండికి ట్యాంకు నిండా ఉంచండి, మూత రబ్బరు చిట్లితే మార్పించండి.

పొదుపు పక్కన పెట్టాల్సిన చోట్లు

సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్, మేలలో. ఆ రోజుల్లో రోడ్డుకి సగం ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు, రాత్రికి బరకాలు కప్పుతారు. నల్ల బరకం, నల్ల రోడ్డు, చీకటి. గింజల మీద బైకు చక్రం ఇసకలో పడ్డట్టు జారుతుంది, బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది. వేగం ముందే 30కి తెచ్చుకుని, హ్యాండిలు నిటారుగా పట్టుకుని, ముందు బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు ఆ కాలంలోనే ఎక్కువ. రాత్రి పూట ఎదుటి లైటు కళ్లలో పడ్డప్పుడు కాలు తీసి ఎడమ తెల్ల గీతను చూడండి. చేపల లారీల నుంచి కారిన నీళ్లు మలుపుల్లో జారుడుగా ఉంటాయి, ఎండ రోజున కూడా.

డిసెంబరు, జనవరి పొద్దుళ్లలో కాలువ గట్ల మీద మంచు దట్టంగా దిగుతుంది. డిమ్ లైటు వేయాలి, బ్రైట్ వేస్తే మంచు మీద పడి మన కళ్లకే తగులుతుంది. రోడ్డు అంచు కనపడనప్పుడు గట్టు రోడ్డు ఎక్కకుండా ఊళ్ల మీదుగా చుట్టూ వెళ్లడం ఎన్ని లీటర్లయినా చవకే.

వరద రోజుల్లో కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే లోతు కంటే ఉరవడి ప్రమాదం. నిలిచిన నీళ్లయినా చక్రం మధ్య బోల్టు దాటితే దిగొద్దు. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ ఫిల్టరు దారిన సిలిండరులోకి చేరిన నీళ్లు నొక్కుడు పడవు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. తోసుకుని బయటికి తెచ్చి, ఫిల్టరు తీసి తడి చూసి, షెడ్డుకి లాగించుకుని వెళ్లాలి.

కొలవడం

డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీని నమ్మొద్దు, చాలా కార్లలో ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. బంకులో గన్ను మొదటిసారి దానంతట అది టక్కున ఆగేదాకా కొట్టించి అక్కడ ఆపించండి, చిల్లర సరిచేయడానికి ఇంకాస్త పోయనివ్వొద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మూడొంతులు తాగాక అదే బంకులో, అదే గన్ను దగ్గర, మళ్లీ మొదటి టక్కు దాకా. తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారికి తేల్చుకోవద్దు, మూడు ట్యాంకుల సగటు తీయండి. బైకులో గన్ను ఆగడం నమ్మకంగా ఉండదు కాబట్టి సెంటర్ స్టాండ్ వేసి మూతి కింది అంచు దాకా పట్టించండి.

సగటు పదిశాతం పడిపోతే చూసుకోవాల్సిన వరస ఇది: ముందు టైర్లలో గాలి, తర్వాత చక్రం వేడి, తర్వాత డిక్కీలో మర్చిపోయిన బరువు, పైన క్యారియరు. యాభై కిలోలకి ఒక శాతం పోతుంది. ఖాళీ క్యారియరు కూడా హైవే మీద గాలిని పట్టుకుంటుంది, సంక్రాంతికి బిగించినది ఉగాదికైనా విప్పేయండి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంటు, స్పార్క్ ప్లగ్గులు, ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందంటే దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్. ఇవన్నీ బాగుంటేనే మెకానిక్‌తో ఇంజెక్టర్ క్లీనింగ్ మాట ఎత్తండి. చాలాచోట్ల మొదట దాంతోనే మొదలుపెట్టి వెయ్యి రూపాయల బిల్లు చేతిలో పెడతారు.